కెటిల్‌బెల్ స్వింగ్: మా డాబా మీద రోజూ అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా ఇంటి డాబా మీద పొద్దున్న 5:30కల్లా పది పన్నెండు మంది చేరతారు. బ్యాంకు ఉద్యోగులు, నైట్ షిఫ్ట్ దిగి వచ్చే పోర్టు కుర్రాళ్లు, ఇద్దరు టీచర్లు, నేవీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన. అందరూ నేర్చుకునేది ఒక్కటే కసరత్తు, కెటిల్‌బెల్ స్వింగ్. కెటిల్‌బెల్ అంటే పైన పిడి ఉన్న ఇనప గుండు, మేం బెల్ అంటాం. దాన్ని కాళ్ల మధ్య నుంచి ఛాతీ ఎత్తుకి ఊపడమే స్వింగ్. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అవే ప్రశ్నలు అడుగుతారు, నేను అవే జవాబులు చెబుతాను, పాతవాళ్లు పక్కకి తిరిగి నవ్వుకుంటారు. అందుకే ఒకసారి రాసి పెడుతున్నాను. చదివి రండి, డాబా మీద మాటలు తగ్గించి పని మొదలుపెడదాం.

స్వింగ్ అంటే బరువుని రెండు చేతులతో ముందుకి ఎత్తడమే కదా?

కాదు. మిగతావి చదివే ఓపిక లేకపోతే కనీసం ఈ జవాబు చదవండి.

బావిలో చేదకి తాడు ఎలాగో, బెల్‌కి మీ చేతులు అలాగ. తాడు నీళ్లు తోడదు, పట్టుకుని ఉంటుందంతే. బెల్‌ని ముందుకి విసిరేది తుంటి. వెనక్కి వెళ్లిన పిరుదులు ఒక్క ఊపున ముందుకి వచ్చి మనిషి నిటారుగా నిలబడితే, ఆ విసురుకి బెల్ దానంతట అదే ఛాతీ దాకా తేలుతుంది. పని చేయాల్సింది పిరుదులు, తొడ వెనక కండరాలు. నడుము పని కదలకుండా గట్టిగా నిలబడటం. భుజాల పని బెల్‌ని చేజారనివ్వకపోవడం, అంతకు మించి ఏమీ లేదు.

మొదటి వారం తరవాత "మాస్టారూ, భుజాలు పట్టేశాయి" అన్నారంటే చేతులతో ఎత్తుతున్నారని అర్థం. "మెట్లు దిగుతుంటే తొడల వెనక లాగుతోంది" అన్నారంటే నాకు సంతోషం.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

రష్యా నుంచి. అక్కడి సంతల్లో ధాన్యం తూచడానికి వాడిన ఇనప గుండ్లు ఇవి, పైన పిడితో. వాళ్ల భాషలో గిర్యా అంటారు. వాళ్ల పాత తూకం పేరు పూడ్, అంటే 16.38 కిలోలు. మనకి బెల్స్ ఎక్కువగా 16, 24, 32 కిలోల్లో దొరకడం ఎందుకని చాలామంది అడుగుతారు. అవి ఒక పూడు, పూడున్నర, రెండు పూడ్ల లెక్క. తూకం రాళ్లతో పని అయిపోయాక బలం ఉన్నవాళ్లు వాటిని ఎత్తి చూపించుకోవడం మొదలుపెట్టారు. 19వ శతాబ్దం చివర్లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వ్లాదిస్లావ్ క్రయేవ్‌స్కీ అనే డాక్టరు దాన్ని పద్ధతైన కసరత్తుగా ప్రచారం చేశాడు. సోవియట్ కాలంలో అది పోటీ క్రీడ అయింది. పది నిమిషాల్లో బెల్ కింద పెట్టకుండా ఎన్నిసార్లు ఎత్తారన్నదే లెక్క. అమెరికాలో దీనికి పేరు తెచ్చినవాడు మిన్‌స్క్‌లో పుట్టిన పావెల్ త్సత్సూలిన్. మనం ఫోన్లలో చూసే వీడియోలు చాలావరకు ఆ తోవలో వచ్చినవే.

ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి చూసే ఉంటారు, అదీ సోవియట్ దేశంలో తయారైందే. రష్యా ఇనుము వైజాగ్‌కి కొత్త కాదు.

పిడి ఉన్న బరువులూ మనకి కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంక్రాంతికి సంగిడీలు ఎత్తే పోటీలు పెడతారు. రాతిలోనే పట్టు తొలిచిన బరువుని ఒంటిచేత్తో పైకి ఎత్తాలి. మా తాతగారి ఊళ్లో రామాలయం అరుగు పక్కన ఒకటి పడి ఉండేది. చిన్నప్పుడు దాని మీద కూర్చుని జీళ్లు తిన్నాను తప్ప ఎత్తే ప్రయత్నం చేయలేదు. వస్తాదు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన ప్రాంతం వాళ్లం, బలం గురించి రష్యావాళ్ల దగ్గరే నేర్చుకోవాల్సిన పని లేదు. కాకపోతే స్వింగ్ ఎత్తే విద్య కాదు, విసిరే విద్య. ఆ మెళకువ మాత్రం విడిగా నేర్చుకోవాలి.

మొదటి రోజు బెల్ ఎందుకు ఇవ్వరు?

తుంటి దగ్గర మడవడం రాకుండా బెల్ ఇస్తే ఆ మడత నడుము దగ్గర పడుతుంది కాబట్టి.

కోచ్‌లు దీన్ని హిప్ హింజ్ అంటారు. నేను తలుపు మడతబందు అంటాను. తలుపు బందు దగ్గరే తిరుగుతుంది, పలక వంగదు. మీ వీపు ఆ పలక. తల నుంచి తోక ఎముక దాకా ఒకే పలకలా ఉండి, తొడలు మొదలయ్యే చోట మాత్రమే తిరగాలి.

నేర్చుకోవడానికి గోడ చాలు. గోడకి వీపు పెట్టి జానెడు దూరంలో నిలబడండి. మోకాళ్లు కాస్త సడలించి, పిరుదులతో గోడని తాకండి. రెండు చేతుల్లో సామాన్లు ఉన్నప్పుడు బీరువా తలుపు పిరుదుతో ఎలా నెడతాం, అలాగ. తాకారా? రెండు వేళ్లు ముందుకి జరగండి. మళ్లీ తాకండి. మళ్లీ జరగండి. ఒక దగ్గరకి వచ్చేసరికి తొడల వెనక తాడు బిగిసినట్టు లాగుతుంది. అక్కడ ఆగి, ఆ బిగువు గుర్తు పెట్టుకోండి. స్వింగ్‌లో ప్రతిసారీ దాన్నే వెతుక్కోవాలి.

తరవాత చీపురు కర్ర. కర్రని వీపు వెంట నిలువుగా పట్టుకుంటే తల వెనక, భుజాల మధ్య, తోక ఎముక దగ్గర, మూడు చోట్లా తగలాలి. వంగినప్పుడు ఏ ఒక్కచోట కర్ర వదిలేసినా వీపు గుండ్రమైందనో, మెడ ఎత్తేశారనో తెలిసిపోతుంది. ఇది ఎవరికీ నచ్చదు. "ఏటండీ, పదిరోజులయ్యింది, ఇంకా గోడా చీపురేనా?" అని ఒకాయన కోపగించుకుని వెళ్లిపోయాడు. నెల తరవాత నడుముకి బెల్టు కట్టుకుని తిరిగొచ్చాడు. ఇప్పుడు ఆయనే కొత్తవాళ్ల వీపు మీద కర్ర పెడతాడు.

గోడ, కర్ర కుదిరాక డెడ్‌లిఫ్ట్. బెల్‌ని రెండు మడమల మధ్య పెట్టి, అదే మడతతో వంగి, పట్టుకుని లేవడం. ఇరవై సార్లు ఒకేలా లేవగలిగినప్పుడు స్వింగ్.

స్క్వాట్‌కీ దీనికీ తేడా ఏమిటి? రెండింట్లోనూ వంగడమేగా?

స్క్వాట్‌లో పిరుదులు కిందికి వెళ్తాయి, మోకాళ్లు బాగా వంగుతాయి, పీట మీద కూర్చున్నట్టు. స్వింగ్‌లో పిరుదులు వెనక్కి వెళ్తాయి, మోకాళ్ల కింది భాగం దాదాపు నిలువుగానే ఉంటుంది. బెల్‌తో పాటు మీ తల కూడా బాగా కిందికీ పైకీ వెళ్తోందంటే స్క్వాట్ చేస్తున్నట్టే.

ఎన్ని కిలోలతో మొదలుపెట్టాలి?

ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకి 12 లేదా 16, ఆడవాళ్లకి 8 లేదా 12. ఇదివరకే జిమ్‌లో బరువులు ఎత్తే అలవాటు ఉంటే ఒక మెట్టు పైకి వెళ్లొచ్చు.

మరీ తేలికైంది కూడా మంచిది కాదు, ఇది చాలామంది నమ్మరు. 4 కిలోల బెల్‌ని చేతులతో సులువుగా ఎత్తేయొచ్చు కాబట్టి శరీరం అదే చేస్తుంది, తుంటి నిద్రపోతుంది. 12 కిలోలని చేతులతో పదిసార్లు ఎత్తడం కష్టం, అప్పుడు తుంటి లేవక తప్పదు. పెళ్లైన కొత్తలో గ్యాస్ సిలిండర్ తొడతో నెట్టి జరిపిన ఆడవాళ్లందరికీ ఈ సూత్రం తెలుసు, పేరే తెలియదు.

ఏ రకం బెల్ కొనాలి?

పోత ఇనుముది. ఒకే అచ్చులో పోసింది, పిడి విడిగా అతికించింది కాదు. కొనేముందు పిడి లోపలి వైపు వేలితో తడిమి చూడండి. అచ్చు గీత పదునుగా తగిలితే వద్దనండి, వందో స్వింగ్‌కి అది చర్మం కోసేస్తుంది. రెండు చేతులూ పక్కపక్కన పట్టేంత వెడల్పు పిడికి ఉండాలి. ప్లాస్టిక్ డొక్కులో సిమెంటు పోసినవి చవక. అవి లావుగా ఉండి తొడలకి తగులుతాయి, కిందపడితే పగులుతాయి.

పోటీల్లో వాడేవి ఉక్కువి. వాటి తమాషా ఏమిటంటే 8 కిలోలైనా 32 కిలోలైనా సైజు ఒకటే, రంగుతో గుర్తు పడతారు: 16 పసుపు, 24 ఆకుపచ్చ, 32 ఎరుపు. మనకి ఆ ఖర్చు అక్కర్లేదు.

బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్లకి ఒక మాట. ఉప్పుగాలికి ఇక్కడ కిటికీ ఊచలే తుప్పు పట్టి రాలిపోతాయి, బెల్ ఒక లెక్కా? డాబా మీద వదిలేయకండి. వాడాక పొడిగుడ్డతో తుడిచి లోపల పెట్టండి. తుప్పు కనబడితే గరుకు కాగితంతో రుద్ది, చుక్క కొబ్బరినూనె పూసి, ఆ నూనె జిడ్డు పూర్తిగా తుడిచేయండి. జిడ్డు పిడితో స్వింగ్ చేస్తే బెల్ పక్కింటి డాబా మీద ఉంటుంది.

సరే, స్వింగ్ మొదటి నుంచి చివరిదాకా చెప్పండి.

పాదాలు భుజాల కన్నా కాస్త ఎడంగా. బెల్ మీ పాదాల మధ్య కాదు, ఒక అడుగు ముందుకి ఉండాలి. రెండు మడమలూ బెల్లూ కలిపితే త్రికోణం రావాలి.

గోడ దగ్గర నేర్చుకున్నట్టు పిరుదులు వెనక్కి పంపి వంగి, రెండు చేతులతో పిడి పట్టుకుని, బెల్‌ని మీ వైపుకి కాస్త వాల్చండి. చంకల్లో పేపరు పెట్టుకుని జారిపోకుండా పట్టుకున్నట్టు భుజాలు కిందికి బిగించండి. ఇక్కడ తొందర పడకండి. స్వింగ్ చెడిపోవడం సగం ఈ క్షణంలోనే మొదలవుతుంది. వీపు గుండ్రంగా ఉండి మొదలుపెడితే తరవాత సరిదిద్దుకునే సమయం ఉండదు.

ఇప్పుడు బెల్‌ని రెండు కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి విసరండి. మెల్లగా జారవిడవడం కాదు, విసరాలి. ముంజేతులు తొడల లోపలి వైపు పైభాగానికి, దాదాపు గజ్జల్లోకి తగలాలి. బెల్ మోకాళ్ల కన్నా పైనుంచే వెళ్లాలి. అంత పైకి వస్తే ఎక్కడ తగులుతుందోనని మగవాళ్లందరికీ భయం. తగలదు. కింద నుంచి వెళ్లే బెల్ నడుముని లాగుతుంది, నిజంగా భయపడాల్సింది దానికి.

బెల్ వెనక్కి వెళ్లగలిగినంత వెళ్లగానే, మడమలతో నేలని తొక్కి ఒక్క ఊపున నిలబడండి. మోకాళ్లు నిటారు, పిరుదులు గట్టిగా బిగువు, పొట్ట ఎవరో గుద్దబోతున్నట్టు బిగింపు. పైన మీరు గుమ్మానికి ఆనించిన నిచ్చెనలా కాదు, స్తంభంలా ఉండాలి. బెల్ ఛాతీ ఎత్తుకి వచ్చి ఒక్క క్షణం బరువు లేనట్టు తేలుతుంది. ఆ తేలడం తెలిసిందంటే మీకు స్వింగ్ వచ్చినట్టే.

ఆ తరవాతిది అన్నిటికన్నా కష్టమైన పని. ఆగడం. బెల్ కిందికి రావడం మొదలుకాగానే అందరూ దాంతోపాటు వంగిపోతారు. వంగకండి. ఉయ్యాల ఊపే వాళ్లని చూడండి, ఉయ్యాల పూర్తిగా తమ దగ్గరికి వచ్చేదాకా ఆగి అప్పుడు తోస్తారు. ముందే చెయ్యి పెడితే చెయ్యి నొప్పి, ఊపు చెడు. అలాగే మోచేతుల పైభాగం పక్కటెముకలకి వచ్చి తగిలేదాకా స్తంభంలా నిలబడి, అప్పుడు పిరుదులు వెనక్కి వేయండి. బెల్ సరిగ్గా గజ్జల్లోకి వస్తుంది.

ఆపేటప్పుడు పైనుంచి నేరుగా దించవద్దు. చివరిసారి బెల్‌ని వెనక్కి పోనిచ్చి, ఈసారి నిలబడకుండా, వంగిన స్థితిలోనే ముందుకి రానిచ్చి మొదట ఉన్నచోట పెట్టండి. పెట్టేశాం కదా అని వీపు వదిలేయకండి. పదిసార్లు చక్కగా చేసి పదకొండోది దించుతూ నడుము పట్టేసినవాళ్లని నేను చాలామందిని చూశాను.

నడుము నొప్పి వస్తోంది. ఎందుకు?

నాకూ వచ్చింది. మొదట్లో ఎవరినీ అడగకుండా ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను, పది రోజుల్లో 24 కిలోలకి వెళ్లిపోయాను. ఆ తరవాత మూడు వారాలు స్కూటర్ ఎక్కలేకపోయాను. సింహాచలం మెట్లు ఎక్కుదామని ఏడాది పొడుగునా అనుకుని, తీరా అప్పుడు కిందే కూర్చుని కొబ్బరికాయల సంచి కాపలా కాశాను. తప్పు బెల్‌ది కాదు, నాది. కాబట్టి ఈ విషయం కాస్త వివరంగా చెబుతాను.

ఎక్కువగా కనబడే తప్పు, పైన వెనక్కి వాలిపోవడం. తుంటి ముందుకి తేవాలనే ఉత్సాహంలో పొట్ట ముందుకి పొడిచి నడుముని విల్లులా వంచుతారు. అది బలం అనిపిస్తుంది, కానీ ఆ వంపంతా వెన్నుపూసల మీద పడుతోంది. పిరుదులు బిగిస్తే నడుము వెనక్కి వెళ్లదు, పక్కటెముకలు కిందికి దించితే ఇంకా వెళ్లదు.

రెండోది తొందరగా వంగడం, ఇందాక ఉయ్యాల దగ్గర చెప్పిందే. మీరు ముందే వంగిపోతే బెల్ మీ మోకాళ్ల కిందికి వెళ్లి, బావిలోకి జారిన బిందెలా నడుముని కిందికి లాగుతుంది. నాకు దెబ్బ తగిలింది ఇక్కడే.

ఇక అలసట. మొదటి ఎనిమిది బాగుంటాయి, తొమ్మిదోది కాస్త గుండ్రం, పన్నెండోది చూడలేం. "ఇంకొక్కటి" అనుకున్నదే నొప్పి తెస్తుంది. పరువు కోసం చేసే ఆ ఒక్కటి మానేయండి.

ఇవన్నీ సరిగా ఉన్నా కొందరి నడుముకి స్వింగ్ పడదు. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీకి చెందిన స్టువర్ట్ మెక్‌గిల్, వెన్నెముక మీద చాలాకాలం పనిచేసిన శాస్త్రవేత్త, 2012లో ఇంకొకరితో కలిసి 16 కిలోల స్వింగ్‌ని కొలిచాడు. మామూలుగా బరువు ఎత్తినప్పుడు నడుము దగ్గర పూసలు ఏ దిక్కుకి జారాలని చూస్తాయో, స్వింగ్‌లో దానికి వ్యతిరేక దిక్కున ఒత్తిడి పడుతుందని తేలింది. బస్తాలు సులువుగా ఎత్తే మనిషికి స్వింగ్‌తో నడుము ఇబ్బంది పెట్టడానికీ, స్వింగ్‌తో హాయిగా ఉందని ఇంకొకరు అనడానికీ ఇది ఒక కారణం కావచ్చు. మీ నడుముకి పడకపోతే డెడ్‌లిఫ్ట్ చేసుకోండి, చిన్నతనం ఏమీ లేదు.

నొప్పి కాల్లోకి దిగుతున్నా, తిమ్మిరి పట్టినా, పాదం మొద్దుబారినా ఆ రోజే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాకు వాట్సాప్‌లో వీడియో పంపి అభిప్రాయం అడిగే విషయం కాదది.

ఊపిరి ఎలా తీసుకోవాలి?

బెల్ వెనక్కి వెళ్తున్నప్పుడు ముక్కుతో చురుగ్గా పీల్చండి. నిలబడినప్పుడు పళ్ల సందుల్లోంచి "త్స్" అని కొద్దిగా వదలండి. మొత్తం ఖాళీ చేయొద్దు, చేస్తే పొట్ట మెత్తబడి నడుముకి కాపు పోతుంది. పదిమంది ఒకేసారి "త్స్" అంటుంటే కింద పోర్షన్ వాళ్లు పాము వచ్చిందేమోనని ఒకసారి పైకి వచ్చి చూశారు.

బెల్ ఎంత ఎత్తుకి రావాలి? తల పైదాకా చేసే వాళ్లున్నారు కదా?

ఛాతీ ఎత్తు చాలు, పొట్ట ఎత్తుకే ఆగినా తప్పు లేదు. తల పైదాకా తీసుకెళ్లేదాన్ని అమెరికన్ స్వింగ్ అంటారు, క్రాస్‌ఫిట్ జిమ్‌లలో చేయిస్తారు. దానికి భుజాలు బాగా తిరగాలి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి తిరగవు, ఆ లోటు నడుము వంచి పూడుస్తారు. నేను నేర్పను.

చూపు ఎక్కడ ఉండాలి?

వంగినప్పుడు మీ ముందు ఆరేడు అడుగుల దూరంలో నేల మీద, లేచినప్పుడు ఎదురుగా. వంగి కూడా అద్దంలోకి చూసుకుంటే మెడ పట్టేస్తుంది.

చేతులతో ఎత్తుతున్నానో తుంటితో విసురుతున్నానో నాకెలా తెలుస్తుంది?

తువ్వాలు పరీక్ష చేయండి. పాత కాటన్ తువ్వాలుని పిడిలోంచి దూర్చి, రెండు కొసలూ కలిపి పట్టుకుని, తేలిక బెల్‌తో తక్కువ ఎత్తుకి స్వింగ్ చేయండి. తుంటితో విసిరితే చేతులు, తువ్వాలు, బెల్ ఒకే గీతలో ఉంటాయి. చేతులతో ఎత్తితే చేతులు పైకి వెళ్తాయి, బెల్ మాత్రం కిందికి వేలాడుతుంది. తువ్వాలు అబద్ధం చెప్పదు. నైలాన్ చున్నీలు మాత్రం తేవద్దు, జారిపోతాయి.

వీడియో ఎలా తీయాలి?

సరిగ్గా పక్కనుంచి, తుంటి ఎత్తులో ఫోన్ పెట్టి, తల నుంచి పాదాల దాకా కనబడేలా. ఎదురుగా తీసిన వీడియోలో మీ మొహం తప్ప నాకు పనికొచ్చేది ఏమీ కనబడదు. చుడీదార్, లుంగీ కట్టుకుంటే వీపు ఆకారం తెలియదు, కాస్త పట్టుగా ఉండే బట్టలు వేసుకోండి.

చెమటకి చేతులు జారుతున్నాయి. బొబ్బలు కూడా వచ్చాయి.

వైజాగ్ ఉక్కపోతలో నిలబడితేనే చెమట, ఇక స్వింగ్ చేస్తే చెప్పేదేముంది. చాక్ పొడి కొద్దిగా రాసుకోండి, సెట్‌కీ సెట్‌కీ మధ్య చేతులతోపాటు పిడి కూడా తుడవండి. ముంజేతుల మీద కారే చెమటే అరచేతిలోకి దిగుతుంది, మణికట్టుకి రిస్ట్ బ్యాండ్ పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటితే నేను క్లాసు ఆపేస్తాను. ముందూ తరవాతా నీళ్లు తాగండి. చెమట ఎక్కువ పట్టేవాళ్లు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగితే మేలు.

బొబ్బలు గట్టిగా పిసికి పట్టుకోవడం వల్ల వస్తాయి. పిడిని వేళ్లతో కొక్కెంలా పట్టుకోవాలి, అరచేతిలోకి కూరి నొక్కకూడదు. కాయలు కాస్తే స్నానం చేసేటప్పుడు కాళ్లు రుద్దుకునే రాయితో మెల్లగా రుద్ది చదును చేయండి. చిదిమినా, కోసినా వారం సెలవే. గ్లౌజులు వద్దు. పిడి లావై పట్టు ఇంకా చెడుతుంది.

ఆర్కే బీచ్‌లో ఇసుక మీద చేయొచ్చా? షూ వేసుకోవాలా?

పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేసినప్పుడు నడవడం, పరిగెత్తడం హాయి. స్వింగ్ మాత్రం ఇసుకలో వద్దు. కాలు కుంగుతుంది, మడమ నేలని తొక్కలేదు, ఒక కాలు ఎక్కువ దిగితే తుంటి వంకర. పైగా ఇసుక పట్టిన పిడి గరుకు కాగితమే.

గట్టి నేల మీద ఉత్తి కాళ్లతో, లేదా అట్ట లాంటి పల్చటి అడుగున్న బూట్లతో చేయండి. మెత్తటి రన్నింగ్ షూ పరుపు మీద నిలబడినట్టు ఉంటుంది. తడి టైల్స్ మీద చేయకండి.

రోజుకి ఎన్ని? వారానికి ఎన్ని రోజులు?

మొదటి నెల వారానికి మూడు రోజులు, పదేసి చొప్పున అయిదు సెట్లు. మధ్యలో ఊపిరి నెమ్మదించి మాట్లాడగలిగేదాకా ఆగండి. రూపం చెడకుండా పది సెట్లు వచ్చాకే బరువు పెంచే మాట. నిమిషానికి ఒక సెట్ మొదలుపెట్టి, మిగిలిన సమయం విశ్రాంతి తీసుకునే పద్ధతి ఉద్యోగస్తులకి బాగుంటుంది, పది నిమిషాల్లో అయిపోతుంది.

బరువు తగ్గుతామా?

దమ్ముకీ, బలానికీ ఒకేసారి పని పెట్టే కసరత్తు కాబట్టి సాయం చేస్తుంది. ఇక్కడినుంచి నేరుగా టిఫిన్ సెంటర్‌కి వెళ్లి నాలుగు పూరీలు తింటే నేనేమీ చేయలేను.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు చేయొచ్చా? డెలివరీ తరవాత?

బీపీ మందులతో అదుపులో ఉండి, డాక్టరు సరే అంటే మెల్లగా మొదలుపెట్టొచ్చు. ఊపిరి బిగబట్టకూడదు, బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. అదుపులో లేకపోతే ముందు నడక. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో రాకండి, జేబులో చాక్లెట్ ఉండాలి. హెర్నియా, కొత్తగా బయటపడిన డిస్క్ సమస్య, ఈమధ్య అయిన ఆపరేషన్ ఉంటే డాక్టర్ని అడక్కుండా అసలు వద్దు.

డెలివరీ అయినవాళ్లు, ముఖ్యంగా సిజేరియన్ అయినవాళ్లు, డాక్టరు ఒప్పుకున్నాక కూడా నేరుగా స్వింగ్‌కి రావద్దు. ఊపిరి, పొట్ట కండరాల కసరత్తులు, తరవాత గోడ, ఆ తరవాత తేలిక డెడ్‌లిఫ్ట్. దగ్గినప్పుడు, ఊపు తీసినప్పుడు మూత్రం జారుతుంటే సిగ్గుపడకుండా చెప్పండి. నాకు చెప్పలేకపోతే మా ఆవిడకి చెప్పండి. అలాంటప్పుడు ముందు ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపుతాం.

మా అమ్మకి 62. మోకాళ్ల నొప్పులు. తీసుకురావచ్చా?

తీసుకురండి. తుంటి మడతలో మోకాళ్లు తక్కువ వంగుతాయి కాబట్టి స్క్వాట్ చేయలేనివాళ్లు కూడా చాలామంది ఇది చేయగలరు. ఆవిడకి స్వింగ్ నేర్పుతానని మాట ఇవ్వను. గోడ, తరవాత పీట మీద పెట్టిన బెల్‌ని ఎత్తి దించడం. మా అత్తయ్యగారు అంతవరకే చేస్తారు. ఇప్పుడు బియ్యం డబ్బా జరపడానికి అల్లుణ్ని పిలవడం మానేశారు, నాకు కొంచెం బాధగానే ఉంది.

ఒంటిచేతి స్వింగ్, క్లీన్, స్నాచ్ ఎప్పుడు?

రెండు చేతులతో వంద స్వింగ్‌లు, పదో సెట్ కూడా మొదటి సెట్‌లా ఉన్నప్పుడు ఒంటిచేతి స్వింగ్. అందులో బెల్ మిమ్మల్ని పక్కకి తిప్పాలని చూస్తుంది, తిరగకుండా ఉండటమే అక్కడి పాఠం. అది కుదిరాక క్లీన్, అంటే బెల్‌ని భుజం దగ్గరికి తేవడం. తరవాత స్నాచ్, అంటే ఒకే ఊపున తల పైకి తీసుకెళ్లడం. మూడు నెలలు పట్టొచ్చు, ఆరు పట్టొచ్చు. మా నేవీ పెద్దాయనకి ఏడాది పట్టింది, ఇప్పుడు అందరికన్నా శుభ్రంగా ఆయనదే.

అపార్ట్‌మెంట్‌లో చేసుకోవచ్చా?

ముందు వైపు, వెనక వైపు కనీసం ఎనిమిది అడుగులు ఖాళీ, పైన ఫ్యాన్ చూసుకోండి. కింద మందపాటి రబ్బరు మ్యాట్. పిల్లల్ని, కుక్కని గదిలోంచి పంపేసి తలుపు గడియ పెట్టండి. పిల్లలకి బెల్ వెనక నిలబడి చూడటం మహా సరదా, అది అన్నిటికన్నా ప్రమాదమైన చోటు.

మధ్యలో చెయ్యి జారితే?

వదిలేయండి. పట్టుకోవడానికి చూడకండి, కాలు అడ్డం పెట్టకండి, పక్కకి తప్పుకోండి. అందుకే మా డాబా మీద అందరినీ ఒకే వరసలో, పిట్టగోడ వైపు మొహం పెట్టి, పక్కవాళ్లకి రెండు బారల దూరంలో నిలబెడతాను, ఎదురెదురుగా ఎప్పుడూ కాదు. ఇప్పటిదాకా పోయింది మా ఆవిడ మందార కుండీ ఒక్కటే. ఆ రోజు క్లాసు తీసుకుంటున్నది నేనే, జారింది కూడా నా చేతిలోదే.